రెక్క తిరుగుతోంది, బల్బు వెలగదేం?

కళింగపట్నం వెళ్ళే దారిలో ఊరి చివర మా డాబా. ఇంట్లోంచి సముద్రం కనిపించదు గానీ, మధ్యాహ్నం రెండు దాటిందంటే దాని గాలి మాత్రం మేడమీద ఆరేసిన లుంగీని ఎత్తుకెళ్ళి పక్కింటి చింతచెట్టు మీద వేస్తుంది. అంత గాలి రోజూ ఊరికే పోతోందే అన్న బాధలోంచి పుట్టింది నా గాలిమర. ఆరంగుళాల పీవీసీ పైపు చీల్చి మూడు రెక్కలు చేశాను. శ్రీకాకుళంలో పాత ఇనుము కొట్టులో ఆటో చక్రం హబ్బు దొరికింది, బేరింగులతో సహా. దాని వెనక, మూలపడ్డ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులోంచి ఊడదీసిన స్టెప్పర్ మోటారు, చేత్తో తిప్పితే కరెంటిచ్చే రకం. బిగించిన సాయంత్రమే రెక్కలు గిర్రున తిరిగాయి. కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చే డయోడ్లు నాలుగు కట్టి, వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే 14 వోల్టులు చూపించింది. డాబా మీద ఇంకెవరూ లేకపోయినా చప్పట్లు కొట్టుకున్నాను.

తర్వాత ఆ రెండు తీగలకి బైకు ఇండికేటరు బల్బు తగిలించాను. పది వాట్లది, 12 వోల్టులది. రెక్కలు కాస్త బరువెక్కినట్టు నెమ్మదించాయి. మీటరులో 14 కాస్తా ఒకటి లోపుకి పడిపోయింది. బల్బులో ఫిలమెంటు ఎర్రబడను కూడా లేదు. బల్బు తీసేస్తే మళ్ళీ 14. తగిలిస్తే మళ్ళీ సున్నాకి దగ్గర.

కవిటి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మావయ్య కింద నులకమంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "గిర్రుమని తిరుగుతాది గానీ, దీపం ఎలగదేట్రా అల్లుడూ?" అన్నాడు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు దొరకడానికి మూడేళ్ళు పట్టింది. ఇంటి మీద గాలిమర కడదామనుకునే వాళ్ళు దాదాపు అందరూ ముందు ఇక్కడే పడతారు. ఎందుకంటే ఈ చిక్కు ఒకటి కాదు. నాలుగైదు ముళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒకటి విప్పితే అంతా వచ్చేసిందనుకుంటాం, కింద ఇంకోటి ఉంటుంది.

మొదటి ముడి మల్టీమీటరుది. మీటరు అబద్ధం చెప్పలేదు. కానీ అది జనరేటరు దగ్గర తీసుకునే కరెంటు ఆంపియరులో కొన్ని లక్షల వంతు మాత్రమే. అంగడికి వెళ్ళి ధర అడిగి వచ్చేసినట్టు. ధర అడిగితే కొట్టువాడికి నష్టమేం లేదు, చెప్తాడు. బస్తా దించమంటేనే అతని దగ్గర సరుకు ఉందో లేదో తెలుస్తుంది. వోల్టు అంటే ధర చెప్పడం, వాటు అంటే బస్తా దించడం. ఆ ప్రింటరు మోటారు లోపల సన్నని తీగ చుట్టలు చాలా ఉంటాయి. వాటిలోంచి కరెంటు గట్టిగా రానే రాదు. వచ్చిన కొంచెమూ లోపలే ఖర్చయిపోతుంది.

పాత సైకిలు డైనమో వాడినవాళ్ళకి ఈ సంగతి కాళ్ళతోనే తెలుసు. డైనమోని టైరు మీదకి వంచగానే తొక్కుడు బరువయ్యేది. దీపం ఊరికే వెలగదు, పిక్కల్లోంచి వెలుగుతుంది. గాలిమరకి పిక్కలు గాలే. కాబట్టి అడగాల్సిన అసలు ప్రశ్న 'రెక్క తిరుగుతోందా' అని కాదు, 'బరువు వేసినా తిరుగుతోందా' అని. ఏ భారమూ లేని రెక్క చీమ ఊదినా తిరుగుతుంది. బేరింగు మంచిదని తప్ప దాన్నిబట్టి తెలిసేదేమీ లేదు.

ఇక గాలిలో ఎంత ఉంది? ఇది రెండో ముడి. అన్నిటికంటే పెద్దది, మనసుకి ఎక్కనిదీ ఇదే.

గాలి వేగం రెండింతలయితే అందులోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు. ఎందుకో చూడండి. వేగం రెట్టింపయితే ఒక సెకనులో రెక్కల గుండా పోయే గాలి మొత్తం రెట్టింపవుతుంది. అది రెండు. పైగా పోయే ప్రతి కిలో గాలిలోనూ గమనం వల్ల వచ్చే శక్తి నాలుగింతలవుతుంది, ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండుని నాలుగు పెట్టి గుణిస్తే ఎనిమిది. మూడింతల వేగానికి ఇరవై ఏడింతలు.

నా రెక్కలు తిరిగే చుట్టు 1.2 మీటర్ల వ్యాసం. వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. ఈ లెక్కన సెకనుకి 3 మీటర్ల గాలిలో, అంటే గంటకు 11 కిలోమీటర్ల దానిలో, ఆ చుట్టు గుండా పోయే శక్తి మొత్తం 18 వాట్లు. 5 మీటర్ల గాలిలో 85. 10 మీటర్ల గాలిలో 680. ఇదంతా గాలిలో ఉన్నది, మన చేతికి వచ్చేది కాదు. ఇంట్లో చేసిన రెక్కలు, ఇంట్లో చుట్టిన జనరేటరు, డయోడ్లు, తీగలు అన్నీ తినగా నాలుగో వంతు బ్యాటరీకి చేరితే ఆ పనివాడికి దండం పెట్టాలి. అంటే 3 మీటర్ల దగ్గర నాలుగున్నర వాట్లు, 5 దగ్గర 21.

ఇప్పుడు మన కంటి సంగతి. మొహానికి చల్లగా తగిలి, ఆకులు గలగలమనే గాలిని మనం 'బ్రహ్మాండమైన గాలి' అంటాం. నావికుల కోసం 19వ శతాబ్దం మొదట్లో బోఫోర్ట్ అనే ఆయన కట్టిన కొలమానంలో అది రెండో మెట్టు మాత్రమే, సెకనుకి సుమారు 2 నుంచి 3 మీటర్లు. చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతూ, పల్చటి జెండా సాగి నిలబడితే మూడో మెట్టు. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే నాలుగోది, అంటే ఐదున్నర మీటర్ల పైమాట. గాలిమరకి పని మొదలయ్యేది జెండా సాగి నిలబడ్డాకే. చిరాకుపడి కిటికీలు మూసేసుకునే గాలి కావాలి దానికి. మనకి హాయిగా ఉన్న గాలి దానికి ఆకలి తీర్చదు. నా లుంగీని ఎగరేసుకుపోయింది కూడా సాయంత్రమంతా వీచే గాలి కాదు, మధ్యలో వచ్చే ఒకటి రెండు విసుర్లు.

ఈ ఎనిమిదింతల లెక్క ఇంకో వైపు నుంచి చూస్తే భయమేస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. సాయంత్రపు 12 కిలోమీటర్ల గాలితో పోలిస్తే వేగం పన్నెండున్నర రెట్లే. శక్తి? సుమారు 1,950 రెట్లు. నా బుల్లి చుట్టు గుండా ఆ వేళ పోయే గాలిలో 40 వేల వాట్ల పైనే ఉంటుంది. ఏడాదిలో మూడొందల రోజులు నాలుగు వాట్లకి ఏడిపించే యంత్రమే ఒక్క రాత్రి తనను తాను పీక్కుపోయేంత శక్తి మీదేసుకోవాలి. సోలారు ప్లేటుకి ఈ బాధ లేదు. ఏ సూర్యుడూ ఒకరోజు రెండు వేల రెట్లు కాయడు.

సగటు వేగాలు నమ్మితే మోసపోతామన్నదీ ఇక్కడే తెలుస్తుంది. రోజంతా నాలుగున్నర మీటర్లు వీచడం, సగం రోజు 3, సగం రోజు 6 వీచడం, రెండింటికీ సగటు ఒకటే. కానీ రెండోదానిలో శక్తి మూడో వంతు ఎక్కువ. పన్నెండు గంటలు అసలు లేకుండా, తక్కిన పన్నెండు గంటలూ 9 మీటర్లు వీచిందనుకోండి, సగటు అదే, శక్తి మాత్రం నాలుగింతలు. గాలిమర బతుకంతా ఆ కొద్ది గంటల మీదే.

మరి ఉన్నదంతా ఎందుకు పట్టుకోలేం? అరసవల్లిలో రథసప్తమి క్యూ తలచుకోండి. దర్శనం అయినవాళ్ళు గర్భగుడి ముందే నిలబడిపోతే వెనకవాళ్ళకి దారి ఉండదు. క్యూ పక్కలకి పగులుతుంది. గాలీ అంతే. దానిలోని శక్తి అంతా లాగేస్తే గాలి రెక్కల వెనకే ఆగిపోతుంది, వెనక వచ్చే గాలి పక్క నుంచి తప్పుకుపోతుంది. అసలు లాగకపోతే పని జరగదు. మధ్యలో ఒక మేలైన చోటుంది. గాలి వచ్చిన వేగంలో మూడో వంతుతో బయటికి పోవాలి. అప్పుడు దక్కేది 59.3 శాతం. వందేళ్ళ కిందట ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కట్టిన లెక్క ఇది. రెక్కలు ఎన్ని పెట్టినా, ఏ ఆకారం చెక్కినా దీన్ని దాటలేం. వీడియోల్లో ఎవరైనా 'తొంభై శాతం సామర్థ్యం' అంటే, మిగతాది వినక్కర్లేదు.

ఎత్తు సంగతి మావయ్య నాకంటే ముందే కనిపెట్టాడు. "పైన కొబ్బరి మొవ్వు ఊగుతాది, నీ మర ఊగదేటి?" అన్నాడు మర్నాడు పొద్దున్న. నిజమే. ఇంటి చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లు అరవై అడుగులు. నా మర డాబాతో కలిపి ఇరవై ఐదు అడుగులు. చెట్టో ఇల్లో గాలికి అడ్డొస్తే, దాని వెనక గాలి సుడులు తిరుగుతూ పోతుంది. అడ్డం ఎత్తుకి రెండింతల పైకి, ఇరవై ఇంతల దూరం దాకా ఆ అలజడి ఉంటుందని ఈ పనిలో ఉన్నవాళ్ళ మోటు లెక్క. అందుకే దగ్గర్లో ఉన్న ప్రతిదాని కంటే కనీసం ముప్పై అడుగుల పైన రెక్కలు ఉండాలంటారు. మా ఇంటి దగ్గరయితే తొంభై అడుగుల స్తంభం కావాలి. పిట్టగోడకి క్లాంపు వేసి పైపు బిగించడం దానికి చాలా దూరం. సుడిగాలిలో రెక్కలు తిరుగుతాయి కూడా, అదే వచ్చిన చిక్కు. ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు తల తిప్పుకుంటూ, దయ్యం పట్టినట్టు తిరుగుతాయి. కరెంటు రాదు, బేరింగు అరుగుతుంది. పైపులోంచి రొద స్లాబులోకి దిగి, కింద పడుకున్న వాళ్ళకి రాత్రంతా రోలులో పప్పు రుబ్బినట్టు వినిపిస్తుంది. మా ఇంట్లో రెండు రాత్రులు ఓర్చుకున్నారు. మూడో రోజు మర పెరట్లోకి దిగింది.

ఇక జనరేటరు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే జనం అడిగేది ఎక్కువగా దీని గురించే.

'పాత సీలింగు ఫ్యాను ఉంది కదా, దాన్నే తిప్పితే కరెంటు రాదా?' రాదు. మామూలు సీలింగు ఫ్యానులో అయస్కాంతం లేదు. కరెంటు ఇచ్చినప్పుడు మాత్రమే లోపల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. పైనుంచి చేత్తో తిప్పితే ఇనుము ఇనుములో తిరుగుతుంది, అంతే. కొత్తగా వచ్చిన, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో అయస్కాంతాలున్నాయి, వాటితో కొంత నయం. ఫ్యాను రెక్కలు కూడా పనికిరావు. గాలిని తోయడానికి వంచిన రెక్క వేరు, గాలికి లొంగుతూ దాన్ని వాడుకునే రెక్క వేరు. ఫ్యాను రెక్క కొస గాలి కంటే ఒకటిన్నర రెట్ల వేగంతో తిరిగితే గొప్ప. సరిగ్గా చెక్కిన మూడు రెక్కల కొస ఐదారు రెట్ల వేగంతో తిరుగుతుంది. 5 మీటర్ల గాలిలో నా మర కొలతకి మొదటిది నిమిషానికి 120 చుట్లు, రెండోది 400. రెక్కలు ఎక్కువైతే కరెంటు ఎక్కువన్న భ్రమ కూడా ఇక్కడే పోవాలి. బోలెడు రెక్కల మర నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. నీళ్ళు తోడే పంపుకి అది బాగు. కరెంటుకి కావాల్సింది వేగం.

'కారులో ఇంజనుతో తిరిగి బ్యాటరీ నింపే ఆల్టర్నేటరు పెట్టొచ్చు కదా?' అది నేనూ పెట్టాను. విజయనగరంలో ఒక మెకానిక్కు షెడ్డులో చవగ్గా వచ్చింది. దాని లోపల కూడా శాశ్వత అయస్కాంతం లేదు, ఒక తీగచుట్టకి బ్యాటరీ నుంచే రెండు మూడు ఆంపియర్లు ఇచ్చి అయస్కాంతం చేయాలి. అంటే 30 వాట్ల దాకా ముందు మనమే పోయాలి. 5 మీటర్ల గాలిలో నా మర ఇచ్చేది 21. బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. దానికి తోడు అది నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ సరిగ్గా పలకదు. బెల్టు వేసి వేగం పెంచుదామంటే, చిన్న గాలికి ఉన్న కాస్త బలం బెల్టే తినేస్తుంది.

చివరికి జనరేటరు చేత్తో చుట్టాల్సొచ్చింది. ఇది కొత్త కిటుకు కాదు. స్కాట్లండ్‌లో హ్యూ పిగాట్ అనే ఆయన ఏళ్ళ తరబడి కట్టి, నేర్పి, ప్రపంచమంతటా ఇంటి మరలవాళ్ళకి అలవాటు చేసిన పద్ధతి. రెండు గుండ్రటి ఇనప పలకలు. ఒక్కోదాని మీద చుట్టూ పన్నెండు అయస్కాంతాలు, ఒకటి ఉత్తరం పైకి, పక్కది దక్షిణం పైకి. రెండు పలకల మధ్య కదలకుండా నిలిచే పళ్ళెంలో తొమ్మిది రాగి చుట్టలు. పలకలు తిరుగుతుంటే ప్రతి చుట్ట ముందు నుంచి ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం పరిగెడతాయి. మారే అయస్కాంత క్షేత్రం తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించినది ఇదే. చుట్టల లోపల ఇనుము లేదు కాబట్టి ఆగి ఉన్నప్పుడు పట్టేసినట్టు ఉండదు, చిన్న గాలికే కదులుతుంది.

రాగి తీగ మోటారు వైండింగు షాపులో కిలోల లెక్కన కొన్నాను. పలకలు గ్యాసు కటింగు చేయించి లేతు మీద సాపు చేయించాను. చుట్టల్ని పోత పోయడానికి రెజిన్ కావాలి, హార్డెనరు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు. దానికి శ్రీకాకుళం దాకా పోనక్కర్లేదు. తీరంలో ఫైబరు పడవలు బాగుచేసేవాళ్ళ దగ్గర డబ్బాలుంటాయి. ఇచ్చినాయన "ఎండలో కలపకు బాబూ, పొద్దున్నే కలుపు" అన్నాడు. నేను ఆదివారం మధ్యాహ్నం కలిపాను. హార్డెనరు పోసి, తిప్పి, అచ్చు దగ్గరికి నడిచేలోపు మగ్గులోనే పొగలొచ్చి రాయయింది. ఆ మగ్గు ఇప్పటికీ తలుపుకి అడ్డం పెట్టుకుంటున్నాం.

నియోడిమియం అయస్కాంతాల గురించి ఒక మాట. 1980ల మొదట్లో వచ్చిన ఈ సరుకు లేకపోతే ఇంటి మర ఇంత చిన్నదిగా కుదరదు. కానీ అయస్కాంతాలు అంటించిన రెండు పలకల్ని చేత్తో దగ్గరికి తేవడం తెలివితక్కువ పని. అరచేయంత దూరంలో ఏమీ అనిపించదు, నాలుగు వేళ్ళ దూరంలో ఎవరో లాగేసుకున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత వేలు మనది కాదు. నా బొటనవేలి గోరు మూడు నెలలకి గానీ మామూలు కాలేదు. పొడుగు త్రెడ్డు రాడ్లు మూడు వేసి, నట్లు ఒక్కో చుట్టు తిప్పుతూ దించాలి. మా తీరంలో ఇంకో శత్రువు ఉప్పు గాలి. పైనున్న నికెల్ పూత ఎక్కడైనా గీసుకుపోతే లోపల తుప్పు పట్టి అయస్కాంతం ఉబ్బుతుంది. రెండో ఏడు వానాకాలంలో మరలోంచి కరకరమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే ఉబ్బిన అయస్కాంతం రాగి చుట్టని గీకేస్తోంది. ఇప్పుడు మొత్తం పలకకి రెజిన్ పోస్తాను.

పూర్తయిన జనరేటరుని రెక్కలు పెట్టకముందు చేత్తో తిప్పి చూడండి. రాగి చుట్టల నుంచి బయటికొచ్చే మూడు తీగలూ విడివిడిగా ఉంటే బొంగరంలా తిరుగుతుంది. ఆ మూడు కొసల్నీ కలిపి మెలేయండి. అదే పలక ఒక్కసారిగా బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టు బరువెక్కుతుంది. ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. మధ్యలో బ్రేకు చెక్క ఏదీ లేదు, ఎక్కడా ఏదీ తగలడం లేదు. పుట్టిన కరెంటే తనను పుట్టించిన కదలికని వెనక్కి లాగుతోంది. మావయ్య అడిగిన ప్రశ్నకి నేను ఇచ్చిన జవాబు అసలు ఇదే. ఆయన చేత తిప్పించాను. "ఓరి, ఎవుడో పట్టుకున్నట్టుంది" అన్నాడు.

ఇంతా చేసి బ్యాటరీకి కలిపితే ఇంకో ముడి. 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జి ఎక్కాలంటే జనరేటరు దానికంటే ఎక్కువ వోల్టులు ఇవ్వాలి. మేడమీద ట్యాంకులో నీళ్ళు పడాలంటే పైపు ట్యాంకు అంచు దాటి లేవాలి. అంచుకి ఒక్క అంగుళం కింద ఆగిపోతే మోటారు రోజంతా తిరిగినా చుక్క పడదు. నేను చుట్ల లెక్క చూసుకుని నిమిషానికి 280 తిరుగుళ్ళ దగ్గర ఛార్జింగు మొదలయ్యేట్టు చేశాను, అంటే సుమారు 3 మీటర్ల గాలికి. చిన్న గాలికి బాగానే ఎక్కింది. పెద్ద గాలి వచ్చినప్పుడు మాత్రం కరెంటు పెరగలేదు. ఎందుకు?

బ్యాటరీ తన వోల్టేజిని దాదాపు ఒకే చోట పట్టి ఉంచుతుంది. వోల్టేజి కదలకపోతే వేగమూ పెద్దగా కదలదు. గాలి రెట్టింపయినా రెక్కలు ఆ మూడొందల చుట్ల దగ్గరే ఇరుక్కుపోతాయి. రెక్క కొసకి గాలి కంటే ఐదారు రెట్ల వేగం కావాలనుకున్నాం కదా, అది మూడింతలకి పడిపోతుంది. గాలి రెక్క మీద అంటుకుని జారకుండా, విరిగి చెదిరిపోతుంది. అంటే జనరేటరు మరీ గట్టిదైతే రెక్కకి ఊపిరాడదు. ఈ మాట నాకు ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు. రెండు పలకల మధ్య ఒక్కో రాడ్డుకి రెండేసి వాషర్లు వేసి దూరం పెంచాను. అయస్కాంత బలం కాస్త తగ్గింది, జనరేటరు 'చెడిపోయింది'. ఆ వారం పెద్ద గాలికి అంతకుముందు నాలుగు ఆంపియర్లు దాటని మీటరు ఏడు చూపించింది. ఆ వాషర్ల ఖర్చు పదిరూపాయలు కూడా కాదు. ఇదే పనిని మంచి ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఇంకా బాగా చేస్తుంది, వేగాన్ని గాలికి తగ్గట్టు వదిలి, వోల్టుల్ని తను సర్దుకుంటుంది. ధర మాత్రం మిగతా మరంతటికీ సమానం.

తీగల సంగతి త్వరగా చెప్పేస్తాను. 15 మీటర్ల దూరానికి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, రానుపోను దాని నిరోధం ఓములో మూడో వంతు. 10 ఆంపియర్లు పోతే మూడు వోల్టుల పైన దారిలోనే పోతాయి. 12లో మూడు. 'చిన్న వోల్టేజే కదా, సన్న తీగ చాలు' అనుకోవడం తలకిందుల లెక్క. చిన్న వోల్టేజికే లావు తీగ కావాలి.

భద్రత మాత్రం త్వరగా చెప్పేసేది కాదు. సోలారు ప్లేటు తీగలు ఊడదీసి వదిలేస్తే అది ఎండలో ఊరికే పడి ఉంటుంది. గాలిమర తీగలు ఊడితే బరువు పోయి, పగ్గం తెంచుకున్న కోడెలా వేగం పెంచుకుంటూ పోతుంది. ఒక శ్రావణమాసపు రాత్రి నా ఫ్యూజు కొట్టేసింది. పైనుంచి వినిపించిన ఊళకి వీధి కుక్కలన్నీ ఎదురు పాడాయి. నాలుగొందల గ్రాముల రెక్క నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే దాని మొదట్లో బోల్టుల మీద పడే లాగుడు సుమారు 130 కిలోల బరువు వేలాడదీసినట్టు. అది పీవీసీ పైపు. ఆ రాత్రి మూడు తీగలు మెలేసే స్విచ్చు చేతికి అందే ఎత్తులో ఉండబట్టి బతికాం. బ్యాటరీ నిండినప్పుడు కూడా ఇదే ప్రమాదం, అందుకే మిగులు కరెంటుని పడేయడానికి ఒక హీటరు చుట్టో, నాలుగు హెడ్‌లైటు బల్బులో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రెక్కల ఇరుసుని నిలువు పైపుకి కాస్త పక్కగా పెట్టి, తోకని ఏటవాలు కీలు మీద బిగిస్తే, గాలి మితిమీరినప్పుడు మర తనంత తానే మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఇవన్నీ ఈదురుగాలి వరకే. తుపాను గాలికి ఉన్నది ఒక్కటే ఉపాయం. కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త రాగానే స్తంభాన్ని కిందికి పడుకోబెట్టడం. అందుకే అడుగున కీలు పెట్టి, నాలుగు వైపులా లాగి కట్టిన తీగలతో (గైవైర్లు) నిలబెట్టాను.

ఇప్పుడు అందరూ అడిగే చివరి ప్రశ్న, లాభమేనా? వంద వాట్ల సోలారు ప్లేటు మూడు నుంచి ఐదు వేల రూపాయలకి వస్తుంది. మా జిల్లా ఎండకి రోజుకి సుమారు 400 వాట్ అవర్లు (ఒక వాటు గంటసేపు వస్తే ఒక వాట్ అవర్) ఇస్తుంది. కదలదు, అరవదు, గోళ్ళు నలపదు. పెరట్లోకి దించాక నలభై అడుగుల స్తంభం మీద నా మర ఒక మామూలు రోజు ఇచ్చేది 100. రాగి, అయస్కాంతాలు, పలకలు, లేతు పని, స్తంభం కలిపి ప్లేటుకి ఐదింతలు ఖర్చు. డబ్బు లెక్కతో గాలిమర కట్టేవాణ్ణి నేను ఆపేస్తాను. ఆషాఢ శ్రావణాల్లో వారాల తరబడి మబ్బు పట్టి, పడమటి గాలి రాత్రీ పగలూ వీస్తున్నప్పుడు మాత్రం ప్లేటు మొహం వేలాడేస్తే మర పనిచేస్తుంది. రెండూ ఒకే బ్యాటరీకి కలిపి పెట్టుకుంటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి.

ఈ పిచ్చి కొత్తది కూడా కాదు. 1887లో స్కాట్లండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు మేరీకిర్క్ అనే పల్లెలో తన సెలవుల ఇంటి తోటలో గుడ్డ తెరచాపల గాలిమర కట్టి, బ్యాటరీలు నింపి, ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగులు కరెంటు ఊరి వీధికి ఉచితంగా ఇస్తానంటే, ఇది సైతాను పని, మాకొద్దన్నారు ఊరివాళ్ళు. మా వీధిలో అంతదాకా రాలేదు. "ఆ కూత ఆపితే చాలు" అన్నారు.

పోయిన సంక్రాంతికి మావయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి దీపం సంగతి ఎత్తలేదు. "మన తోటలో నీళ్ళు తోడతాదేటి?" అన్నాడు. నేను కాగితం తీశాను. కవిటి చుట్టుపక్కల కొబ్బరితోటల ఉద్దానం ఇసక నేలలో బావి నీరు ఇరవై అడుగుల లోపే. వెయ్యి లీటర్లు ఆరు మీటర్లు పైకి ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 16 వాట్ అవర్లు చాలు. చిన్న డీసీ పంపు మూడో వంతు సామర్థ్యంతో పనిచేసినా 50. రోజుకి 100 వచ్చే మరతో రెండు వేల లీటర్లు. చెట్టుకి 40 లీటర్ల చొప్పున యాభై చెట్లకి సరిపోతుంది. రాత్రి తోడినా, తెల్లారుజామున తోడినా తొట్టి నిండుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. నాలుగు వాట్లకి బల్బు దగ్గర విలువ లేదు గానీ, తొందర లేని పని దగ్గర ఉంది.

"మీ దగ్గర గాలి ఎలా ఉంటాది?" అని అడిగాను.

తిత్లీకి ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు పోయాయి. మావయ్య తోటలో నూట ఇరవై ఉండేవి, పదకొండు మిగిలాయి. తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడు డాబా ఎత్తుకి వచ్చాయి.

"ఇప్పుడంతా బయలే గదరా. సముద్రం కాడ్నించి అడ్డు లేకుండా వస్తాది," అన్నాడు. కాసేపు ఆలోచించి, "మొక్కలు ఎదిగితే మళ్ళీ ఆగిపోద్దేమో?" అని అడిగాడు.

ఆగుతుందన్నాను. పదేళ్ళో పన్నెండేళ్ళో పడుతుంది.

"అయితే అప్పటిదాకా తోడనీ," అని లేచి, మూలనున్న పాత పలకల్ని అటూ ఇటూ తిప్పి చూడటం మొదలుపెట్టాడు. వేళ్ళు జాగ్రత్త అని అరిచాను.